పిల్లలు పడుకున్నాక ఇంగ్లిషు

చంకన శ్రేయను ఎత్తుకొని, కొంగుకు ఇద్దరిని వేలాడేసుకొని, ముందు నడిచేవాళ్లను కోడిపిల్లల్లా అదిలిస్తూ గంగుబాయి మసీదు సందులోంచి వస్తోంది. రోడ్డుకు ఒక పక్కంతా మక్కలు, వలిచిన మొక్కజొన్న గింజలు, ఆరబోసి ఉన్నాయి. పిల్లలు వాటిని తొక్కకుండా అంచున నడవాలి. తొక్కితే మక్కలవాళ్లు తిట్టేది పిల్లలను కాదు, ఆయమ్మను. కళ్లు మక్కల మీద, చెయ్యి శ్రేయ వీపు మీద ఉన్నా గంగుబాయి నోరు మాత్రం ఈ లోకంలో లేదు.

“ఐ యామ్, ఐమ్. యు ఆర్, యువార్. షి ఈజ్, షీజ్” అని గొణుక్కుంటోంది.

“ఏమంటున్నవ్ ఆయమ్మా?” అంది చంకలోని శ్రేయ.

“ఏమంటలే. నువ్వు ముక్కు తుడుసుకో.”

ఖానాపూర్‌లో ఆ వాడ అంగన్‌వాడీకి గంగుబాయి ఆయా. పొద్దున తాళం తీసి, ఊడ్చి, నీళ్లు పట్టి, ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పోగుచేసుకొని రావాలి. వాకిట్లో నిలబడి పిలిస్తే సరిపోదు. ఒకడికి లాగు తొడగాలి, ఒకతెకు జడ వేయాలి, ఇంకొకడు మంచం కింద దాక్కుంటే వంగి కాలు పట్టి లాగాలి. పొట్టి మనిషి. నుదుట పచ్చబొట్టు చుక్క, చేతులకు మట్టిగాజులు, పగిలిన మడమలు. ఏళ్ల తరబడి ఎడమ చంకనే పిల్లలను మోయడం వల్ల నడుము ఆ పక్కకు నిలిచిపోయింది. చంకలో ఎవరూ లేనప్పుడు కూడా ఎవరినో ఎత్తుకున్నట్టే నడుస్తుంది. వాడలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. పిల్లలకూ, వాళ్ల తల్లులకూ ఆయమ్మే.

ఎల్లుండి నిర్మల్‌లో ఆమెకు పరీక్ష. ఓపెన్ స్కూలు పదో తరగతి. మిగతా సబ్జెక్టులన్నీ ఎలాగోలా గట్టెక్కాయి, దేవుడి దయవల్ల లెక్కలు కూడా. ఇంగ్లిషు ఒక్కటే రెండుసార్లు మొండికేసింది. సెంటర్ నడిపే కోమల టీచర్ ఈ ఏడాది దిగిపోతుంది. ఆ చోట ఆయాను తీసుకోవాలంటే పది పాసై ఉండాలి, వయసు దాటకుండా ఉండాలి. పది ఇంకా చేతికి రాలేదు, వయసు చేయి జారిపోతోంది. ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడు పాసైనా లాభం లేదు. బయటినుంచి ఎవరో చిన్నపిల్ల టీచరుగా వస్తుంది. ఆమెకు కూడా గంగుబాయే తాళం తీసి, ఊడ్చి, పిల్లలను తెచ్చి అప్పగించాలి.

పొద్దున జొన్నరొట్టెలు కొడుతూ ఇదే గొణుగుతుంటే భూమన్న నవ్వాడు. భూమన్న ఆమె భర్త, రైసుమిల్లులో హమాలీ.

“ముసలితనానికి దసరా పండుగంటె గిదే. గా ఇంగ్లిషు నేర్సుకొని ఎవలతోని మాట్లాడ్తవే? పప్పుగిన్నెతోనా?”

“నీతోని మాత్రం మాట్లాడ. ఫికర్ జెయ్యకు.”

భూమన్న రొట్టె తుంచి కారంలో అద్దుకున్నాడు. తర్వాత, “ఎల్లుండి మిల్లుకు పోను. నిర్మల్ దాక నీ ఎంబడి అస్త” అన్నాడు. “తొవ్వ తెల్వది నీకు.”

నిర్మల్ దారి ఆమెకు ఆయన కన్నా బాగా తెలుసు. అయినా తెలియనట్టే తలూపింది.

అంగన్‌వాడీ రెండు గదుల పెంకుటిల్లు. ముందు అరుగు, లోపల పిల్లల గది, దాని వెనక వంటగది. గోడల మీద ఆవు, మామిడిపండు, రైలు బొమ్మలున్నాయి. ఆవు మొహానికి ఎవరో బొగ్గుతో మీసాలు పెట్టారు. గంగుబాయి చెరపబోతే “ఉండనీ, ఎద్దయితది” అంది కోమల టీచర్. అప్పటినుంచి ఆ బొమ్మను చూపించి ఇదేమిటని అడిగితే సగం మంది పిల్లలు ఆవంటారు, సగం మంది ఎద్దంటారు. రెండూ సరైనవే ఆ సెంటర్లో.

గంగుబాయి పిల్లలతో వచ్చేసరికి కోమల టీచర్ కుర్చీలో కూర్చొని ఉంది. సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర కొంచెం ముందుకు వంగిన మనిషి. పుట్టిల్లు మెట్‌పల్లి, తండ్రి మగ్గం నేసేవాడు. చిన్నప్పుడు కండెలు చుట్టిన ఆ వేళ్లు ఇప్పటికీ ఊరికే ఉండవు. పిల్లల జడల్లోనో, తన కొంగు అంచులోనో ఏదో ఒకటి సర్దుతూ ఉంటాయి. అలాంటిది ఇవాళ ఆమె ఎడమ చేతిని కుడిచేత్తో పిసుక్కుంటూ కదలకుండా కూర్చోవడం గంగుబాయికి వింతగా అనిపించింది.

“ఏమైంది టీచరమ్మా?”

“ఏం లేదు. పొద్దుగాల సంది రెక్క గుంజుతున్నది. గ్యాసు పట్టినట్టున్నది.”

“దవఖానకు పోరాదుండ్రి. పిల్లలను నేను సూస్కుంట.”

“పోత తీ. ఎల్లుండి నీ పరీక్ష అయినంక పోత. గా దినం సెంటర్ల నేనుండాలె గదా. మమతారాణి మేడంకు నీ సెలవు సంగతి ఇంక సెప్పనే లే. సెలవంటె మూతి ముడుస్తది. జర మెల్లగ సెప్త.”

మమతారాణి మేడం సూపర్‌వైజర్. ఆమె స్కూటీ చప్పుడు వినబడితే చాలు, గంగుబాయి వంటగదిలోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతుంది. ఆమె అడిగినదానికి జవాబు చెప్పేదంతా కోమల టీచరే. సిలిండరు అయిపోయిందన్నా, గంగుబాయికి జ్వరం వచ్చిందన్నా ఆ మాట కోమల టీచర్ నోటి మీదుగానే మేడం చెవికి చేరాలి. ఇన్నేళ్లలో మేడంతో గంగుబాయి నేరుగా అన్న మాటలు ‘నమస్తే మేడం’, ‘చాయ తాగుతరా మేడం’. అంతకు మించి అవసరం పడలేదు.

పాటలయ్యాయి. తర్వాత పిల్లల మొహాలను ఒక్కొక్కటిగా ఫోనుకు చూపించే తతంగం మొదలైంది. ఇది కొత్తగా వచ్చిన పని. ఫోను గుర్తుపడితేనే పిల్ల వచ్చినట్టు, గుర్తుపట్టకపోతే ఎదురుగా నిలబడి ముక్కు చీదుతున్నా రానట్టే. అర్జున్ దగ్గరికి వచ్చేసరికి ఫోను మొరాయించింది. తెర మీద ఇంగ్లిషులో ఏదో వచ్చింది.

“గంగూ, గిటు రా. ఏమంటుందో సదువు” అంది కోమల టీచర్.

గంగుబాయి ఉల్లిగడ్డ కోస్తున్న చేతులను కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఫోనును దూరంగా పెట్టి చూసింది. “కుడింట్.”

“అంటె?”

“కుడ్ నాట్. నాతోని కాలే అంటున్నది.”

“దానితోని కాలేదంటె నీతోనే అయితది. వాని మొకం కడుగు.”

రాత్రి తిన్న బెల్లం ఇంకా అర్జున్ చెంపలకు అంటుకొని ఉంది. తడికొంగుతో గట్టిగా తుడిచాక ఫోను వాణ్ని ఒప్పుకుంది. వాడు మాత్రం చెంపలు మండి ఏడ్చాడు.

మధ్యాహ్నానికి పాలకూర పప్పు, అన్నం, తలా ఒక ఉడికిన గుడ్డు. గుడ్డులో పచ్చసొన తినని పిల్లలకు దాన్ని అన్నం ముద్దలో దాచి పెట్టడం గంగుబాయికి చేతనైన విద్య. పొడిగా నలిపి, పప్పుతో కలిపి, ముద్ద మీద ఒక పాలకూర ఆకు కనబడేలా పెడితే పిల్ల ఆకును తీసి పడేసి, గెలిచానన్న సంబరంలో ముద్దను మింగేస్తుంది. ఈ ఉపాయం ఏ ట్రైనింగులోనూ చెప్పరు. కోమల టీచర్ ఇవాళ రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపింది. జీలకర్ర నీళ్లు కాచి ఇస్తే సగం తాగింది.

పట్టాలు పరిచి పిల్లలను పడుకోబెట్టారు. గంగుబాయి వాళ్ల మధ్యలో కూర్చొని, రెండు చేతులతో ఇద్దరిని, కాలితో మూడోవాణ్ని జోకొట్టింది. ఒకరి తర్వాత ఒకరు కళ్లు మూశారు. శ్రేయ అందరికన్నా చివర, మూయనంటూనే మూసింది.

“ఇగ రా ముత్యం” అంది కోమల టీచర్ పలక తీసి.

పాఠం చెప్పేటప్పుడు మాత్రమే ఆమె ఆ పేరుతో పిలుస్తుంది. పుట్టింట్లో గంగుబాయి పేరు ముత్యం. ఏడో తరగతి దాకా బడిలో కూడా ముత్యమే. ఆమె అత్త రుక్మాబాయిది మహారాష్ట్రలోని కిన్వట్ వైపు. పెళ్లిలో కోడలికి కొత్త పేరు పెట్టడం ఆ వైపు వాళ్ల రివాజు. పళ్లెంలో బియ్యం పరిచి, పెళ్లికొడుకు చేత ఉంగరంతో ఆ పేరు రాయిస్తారు. భూమన్నకు అక్షరాలు అంతంతమాత్రం. చుట్టూ జనం చూస్తుంటే చెమటలు కక్కుతూ రాశాడు గాని, రెండో అక్షరానికి కొమ్ము మరిచిపోయాడు. తలవంచుకొని కూర్చున్న పెళ్లికూతురు అందరూ అక్షింతల కోసం అటు తిరిగినప్పుడు చూపుడువేలితో బియ్యాన్ని జరిపి ఆ కొమ్ము పెట్టింది. ఆ బియ్యాన్నే మర్నాడు వండారు. ముత్యాన్ని మళ్లీ ఎవరూ పిలవలేదు. బడి కాగితాల్లో మాత్రం ఆ పేరు ఉండిపోయింది, అందుకని పరీక్ష హాల్ టికెట్ కూడా ఆ పేరుతోనే వచ్చింది. అది చూసి “ఎవలీ ముత్యం?” అని అడిగిన కోమల టీచర్, కథంతా విని, ఆనాటినుంచి పనికి గంగునూ పాఠానికి ముత్యాన్నీ పిలుస్తోంది.

ఆ పిలుపు వినగానే గంగుబాయి తెలియకుండానే నిటారుగా కూర్చుంటుంది. అది ఆమెకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

“గివన్నీ సక్కగనే ఉన్నయి టీచరమ్మా” అంది పలక చూస్తూ. “డు నాట్ డోంట్ అయితది. ఈజ్ నాట్ ఈజింట్ అయితది. మరి విల్ నాట్ ఉంటె విలింట్ కావాలె గదా. గీ వోంట్ ఏడికెల్లి అచ్చింది?”

“ముత్యం పోయి గంగుబాయి ఏడికెల్లి అచ్చింది?”

గంగుబాయి పలక మీదినుంచి తలెత్తింది.

“అత్తగారింటికి పోతె కొందరికి పేరు పొట్టిగ జేస్తరు, కొందరికి మొత్తమే మారుస్తరు. ఎందుకని అడుగుతె ఎవలు సెప్తరు? యాదికి పెట్టుకోవాలె, గంతే.”

ఆ తర్వాత గంగుబాయి వోంట్‌ను మరిచిపోయే అవకాశమే లేదు.

“అక్షరం తీసేసిన కాడ పైన గోరంత గీత పెట్టు. కింద పెడితె కామా అయితది. మా బాపు నేసేటప్పుడు పోగు తెగితె ముడేసి, తోక కత్తిరించేటోడు. బట్ట మీద సెయ్యి పెడితె ముడి తెలుస్తుండె. గీత గట్లనే. ఈడ ఒకటి పోయింది, రెండు ఒకటైనయి అని సదివెటోనికి తెలువాలె.”

గంగుబాయి కాసేపు బలపం నములుతూ ఆలోచించింది. చాలా రోజులుగా లోపల మెదులుతున్న సందేహం ఒకటుంది.

“టీచరమ్మా, పెద్దోళ్లతోని గిట్ల పొట్టిగ మాట్లాడితె తప్పుగాదా?”

“తప్పెందుకు?”

“రాండ్రి అనేది కత్తిరిస్తె రా అయితది. మర్యాద పోతది గదా. పోయినసారి పరీక్షల గదే జేసిన. పొట్టిగ రాయుమన్నరు. ఒకడు దోస్తుతోని మాట్లాడుతుండు, గది రాసిన. ఇంకోడు హెడ్మాస్టరు సారుతోని మాట్లాడుతుండు. సారును పట్టుకొని పొట్టిగ ఎట్లంటమని అన్నీ నిండుగనే ఇడిసిపెట్టిన.”

కోమల టీచర్ ముందు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేకపోయింది. పిల్లలు లేస్తారని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, కుర్చీలో ఊగి ఊగి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“గందుకేనా తప్పినవ్? ఓ ముత్యం. ఇంగ్లిషోళ్లకు గా పరేషాన్ లేదు. వాళ్లకు రాజైనా గంతే, రైతైనా గంతే. మర్యాద మాటల పొడుగుల ఉండదు. నిమ్మలంగ, ఉన్నది ఉన్నట్టు సెప్తె అదే మర్యాద.”

నవ్వి నవ్వి ఆమెకు ఆయాసం వచ్చింది. నుదుటి మీద చెమట మెరిసింది. గంగుబాయి లేచి ఫ్యాను పెంచింది. రెక్కకు బామ్ రాస్తానంటే వద్దంది.

“జర కండ్లు మూస్త. పలక నిండ రాయి, గీ పక్క నిండుగ, గా పక్క పొట్టిగ. తప్పుల్లేకుంట రాస్తెనే లేపు. ఒక్క తప్పున్నా లేపకు.”

గంగుబాయి నేల మీద బాసింపట్టు వేసుకొని రాయడానికి కూర్చుంది. బయట ఎవరో మక్కలను పారతో తిరగేస్తున్న చప్పుడు వినబడుతోంది. నిద్రలో అర్జున్ పళ్లు కొరుకుతున్నాడు. మొదటిసారి ఒకచోట గీత కింద పెట్టేసింది. పలకంతా తుడిచింది. రెండోసారి గీతలన్నీ బాగానే పడ్డాయి గాని, ఒకచోట తీయాల్సిన అక్షరం తీయలేదు. ఆ ఒక్కటే చెరిపి దిద్దితే సరిపోయేది. కానీ దిద్దిన పలక చూపించడం ఆమెకు ఇష్టం లేదు, మళ్లీ మొదటినుంచి రాసింది. మూడోసారి ఒక్కో మాట పైకి చెప్పుకుంటూ, వేలితో గీతలను తడుముకుంటూ కింది వరకూ వచ్చింది. పైనుంచి ఒకసారి చూసింది. కిందినుంచి పైకి ఇంకోసారి చూసింది. తప్పు కనబడలేదు.

“అయినయి టీచరమ్మా” అంది మెల్లగా.

కోమల టీచర్ పలకలేదు. తల ఒక పక్కకు వాలి ఉంది, కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. పాపం రాత్రి నిద్ర లేదేమో, ఇంకాసేపు పడుకోనీ అనుకొని గంగుబాయి పలకను గోడకు ఆనించి, వంటగదిలోకి పోయి గిన్నెలు తోమింది. పొయ్యి గట్టు తుడిచింది. తిరిగి వచ్చి, పలక తీసి టీచర్ ముఖం ముందు పట్టుకుంది.

“సూడుండ్రి. ఒక్క తప్పు లే.”

మోకాలి మీద చెయ్యి వేసి కదిపింది. ఒళ్లో ఉన్న టీచర్ చెయ్యి జారి కుర్చీ పక్కన వేలాడింది. అలా జారిన చెయ్యి ఎలాంటిదో గంగుబాయికి తెలుసు. అత్త రుక్మాబాయిని చివరిదాకా ఎత్తి దించింది ఆమే. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. చెమట ఆరి ఒళ్లు చల్లబడుతోంది.

అరుపు గొంతుదాకా వచ్చింది. కాళ్ల దగ్గర పిల్లలు నిద్రపోతున్నారు. గంగుబాయి కొంగు నోట్లో కుక్కుకొని నేల మీద కూలబడింది. ఎల్లుండి నీ పరీక్ష అయినంక పోత అన్న మాట చెవిలో మోగింది. ఆ పరీక్షే లేకపోతే ఈమె పొద్దునే దవఖానకు పోయేది కదా అనుకుంది. కన్నతల్లి పోయినప్పుడు కూడా ఆమెకు ఇంత దిక్కులేనట్టు అనిపించలేదు.

ఏడవడానికి మాత్రం అప్పుడు సందు లేదు. చనిపోయిన మనిషి ఉన్న ఇంట్లో ఎవరూ కన్ను మూయకూడదు. పసిపిల్లలైనా సరే, లేపి కూర్చోబెట్టాలి. రుక్మాబాయి పోయిన రోజు ఊయలలోని పిల్లను కూడా లేపి ఎత్తుకున్నారు. గంగుబాయి ముందుగా టీచర్ కళ్లద్దాలు తీసి, వేలాడే చేతిని ఒళ్లో పెట్టి, కొంగును భుజాల చుట్టూ కప్పింది. తర్వాత పిల్లల మధ్యకు పోయి, ఒక్కొక్కరినే చెవి దగ్గర వంగి, వీపు రాస్తూ లేపింది.

“అప్పుడే లేసుడా?” అన్నాడు అర్జున్ కళ్లు నులుముకుంటూ.

“అరుగు మీద ఆడుకుందం రా.”

శ్రేయ కుర్చీ వైపు చూసింది. “టీచరమ్మ పండుకున్నదా?”

“ఆ. పండుకున్నది.”

శ్రేయ వెంటనే మూతి మీద వేలు పెట్టుకుంది. టీచర్ నేర్పినదే అది, ఎవరైనా పడుకుంటే చప్పుడు చేయొద్దని. ఆమెను చూసి మిగతావాళ్లూ మూతుల మీద వేళ్లు పెట్టుకున్నారు. అందరూ మునివేళ్ల మీద, ఒకరి అంగీ ఒకరు పట్టుకొని, కుర్చీ పక్కనుంచి బయటికి నడిచారు. గంగుబాయి వాళ్ల వెనక వచ్చి తలుపు దగ్గరికి వేసింది, పూర్తిగా మూయలేదు. లోపల ఆమెను ఒంటరిగా వదలకూడదని గడపలోనే కూర్చుంది, ఒక కన్ను లోపల, ఒక కన్ను అరుగు మీద.

రొండిన దోపుకున్న చిన్న ఫోను తీసి, ముందు నాగరాజుకు చేసింది. కోమల టీచర్ కొడుకు అతను, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు.

“నాగరాజూ, జల్ది సెంటర్‌కు రా బిడ్డా. బండి మాట్లాడుకొని రా.”

“అవ్వకు మంచిగలేదా?” అన్నాడు తల్లికేమైందోనని.

“రా బిడ్డా” అంది గంగుబాయి. ఆ చివరి ‘రా’తోనే అతనికి తెలిసిపోయినట్టుంది. అటువైపు ఏదో కిందపడిన చప్పుడు, తర్వాత షట్టరు దించిన చప్పుడు వినిపించాయి.

తర్వాత మేడంకు చేసింది. ఆ నంబరుకు ఆమె ఫోను చేయడం అదే మొదలు.

“ఎవరు?”

“నమస్తే మేడం. గంగుబాయిని. కోమల టీచరమ్మ సెంటర్ల ఆయాను.” ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. “టీచరమ్మ పోయింది మేడం. కుర్చీల కూసున్నకాడనే.”

మేడం గొంతు బొంగురుపోయింది. “పిల్లలు?”

“తిన్నరు. మంచిగున్నరు. బయట అరుగు మీద కూసోపెట్టిన. వాళ్లకు తెల్వది.”

“మంచి పని చేసినవ్. నేను బయలుదేరుతున్న. రేపు సెంటర్ బంద్. ఎల్లుండినుంచి ఇంకొకరు వచ్చేదాక నువ్వే తెరవాలె గంగుబాయి. ఇప్పుడు నువ్వొక్కదానివే ఉన్నవు.”

గంగుబాయి సగం తెరిచిన తలుపులోంచి లోపలికి చూసింది. ఇలాంటప్పుడు ఎప్పుడూ ఆ కుర్చీలోంచే జవాబు వచ్చేది.

“ఎల్లుండి నేను రాను మేడం” అంది.

“ఏందీ?”

“నిర్మల్‌ల పరీక్షున్నది. పది. ఇంగ్లిషు.”

“గంగుబాయీ, ఇది ఆ మాట మాట్లాడే టైమేనా?”

“కాదు మేడం.” అయినా ఆగలేదు. “మీకు టీచరమ్మనే సెప్తనన్నది. సెప్పెటందుకు ఇప్పుడు ఆమె లేదు. రేపు సెప్తె మీరే పరేషానైతరు. గందుకే ఇప్పుడు సెప్తున్న.”

అటువైపు స్కూటీ స్టార్టయిన చప్పుడు.

“సరే. పక్క సెంటర్‌నుంచి ఎవరినన్న పంపిస్త. నువ్వు పోయి రాసి రా.”

ఫోను రొండిన దోపుకొని గంగుబాయి పిల్లల వైపు తిరిగింది. వాళ్లతో చప్పట్ల పాట పాడించింది, చిన్న గొంతుతో. శ్రేయ బయటికి వచ్చేటప్పుడే ఆ పలక తెచ్చుకున్నట్టుంది, గంగుబాయి చూడలేదు. చూసేసరికి పిల్ల పలకను ఒళ్లో పెట్టుకొని, ఉమ్మి రాసి అరచేత్తో తుడిచేసి, పెద్ద గుండ్రం గీస్తోంది. ఆపడానికి చెయ్యి లేచింది, మళ్లీ దిగింది.

“ఏం గీస్తున్నవ్?”

“రొట్టె.”

“గీయి బిడ్డా.”

పక్కింటామె చేత కబురు పంపితే తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. దూరంనుంచి గబగబా వచ్చినవాళ్లు వాకిట్లో అడుగుపెట్టగానే నెమ్మదించారు. తలుపు సందులోంచి చూసి, చేతులు జోడించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, పిల్లలను ఎత్తుకున్నారు. సెంటర్ వదిలేటప్పుడు ఎవరి చెప్పులు వాళ్లకు తొడగడం ఆయమ్మ పని. ఎవరివి ఎర్రవో, ఎవరివి లైట్లు మిణుకుమనేవో, ఎవరు కుడి ఎడమలు మార్చి వేసుకుంటారో ఆమెకు కంఠతా వచ్చు. అందరికీ తొడిగింది. శ్రేయ తల్లి భుజం మీదినుంచి వెనక్కి తిరిగి, మూతి మీద వేలు పెట్టుకొనే పోయింది.

నాగరాజు వచ్చాడు. లోపలికి పోయి తల్లి కాళ్ల దగ్గర కూర్చొని, చిన్నపిల్లాడిలా ఆమె మోకాళ్ల మీద తల పెట్టాడు. గంగుబాయి అప్పుడు ఏడ్చింది. మేడం వచ్చింది, ఆమె కూడా ఏడ్చింది. వాడలోని మగవాళ్లు నలుగురు కలిసి పట్టాలో పడుకోబెట్టి, ఎత్తి, ట్రాలీ ఆటోలోకి చేర్చారు. నాగరాజు తల్లి తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆటో మక్కలు తొక్కకుండా అంచునే మెల్లగా పోయింది. మక్కలవాళ్లు పారలు దించి నిలబడ్డారు.

గంగుబాయి బకెట్టుతో నీళ్లు తెచ్చి గది కడిగింది. పట్టాలు చుట్టి, ఫ్యాను ఆపి, గ్యాసు చూసి, తలుపు వేసింది. ఇంటికి పోయి తలస్నానం చేసి, కోమల టీచర్ ఇంటికి పోవాలి. రేపు దహనం. ఎల్లుండి పొద్దున మొదటి బస్సు. తాళం పెట్టి, ఒకసారి లాగి చూసి, మెట్టు దిగబోతూ ఆగింది.

పిల్లల చెప్పులన్నీ పోయిన చోట, ముందు వైపు గడపకు తిప్పి విడిచిన కోమల టీచర్ చెప్పుల జత ఉంది, బొటనవేళ్ల దగ్గర నల్లగా గుంటలు పడి, మడమల దగ్గర ఒక పక్కకు అరిగి.